గేర్ కేబుల్ పదే పదే తెగుతుంటే ముందు ఎక్కడ తెగిందో చూడండి

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ: హైదరాబాదులో రోడ్ బైక్, ముందు 2 పళ్ళ చక్రాలు, వెనక 11. ఏడాదిన్నరలో వెనక గేర్ కేబుల్ మూడుసార్లు తెగింది, మూడుసార్లూ కుడి లివర్ లోపలే. ఒక్కో కేబుల్ 2,500 నుంచి 3,000 కిలోమీటర్లు వచ్చింది. మెకానిక్ ప్రతిసారీ వేరే కంపెనీది వేసి చూశాడు. లివర్ పాడైందా, మార్చాలా, ఖరీదైన కోటింగ్ కేబుల్ వేస్తే ఆగుతుందా, లేక ఎలక్ట్రానిక్ గేర్లకే వెళ్ళిపోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. లివర్ పాడవలేదు, మార్చకండి. కోటింగ్ కేబుల్‌తోనూ తెగడం ఆగదు. హ్యాండిల్‌బార్ టేప్ కింద నుంచి కేబుల్ వెళ్ళే లివర్లలో వెనక గేర్ ఇన్నర్ (లోపలి తీగ) కూడా చైన్‌, బ్రేక్ ప్యాడ్ల లాగే అరిగిపోయే వస్తువు. మీరు చెప్పిన కిలోమీటర్లు దాని మామూలు ఆయుష్షుకు దగ్గర్లోనే ఉన్నాయి. మీరు చేయాల్సినవి రెండు: తెగేదాకా ఆగకుండా 2,000 దాటగానే ఇన్నర్ మార్చడం, ఔటర్‌లో (తీగ దూరే బయటి గొట్టంలో) రాపిడి తగ్గించడం. రెండోది సరిగ్గా చేస్తే ఆ 2,000 కాస్తా పెరుగుతుంది.

నేను విశాఖలో ఉంటాను. మా రైడర్ల గుంపులో చాలామంది సైకిళ్ళు నా చేతి మీదుగానే వెళ్తాయి. 200, 300 కిలోమీటర్ల బ్రెవేలకు (గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్లకు) ముందు వారమైతే ఇంటి వరండాలో నడవడానికి చోటుండదు. తెగిన కేబుల్ ఎవరు తెచ్చినా ముందు నేనడిగేది కంపెనీ పేరు కాదు, తెగిన ముక్క. ఏ చోట తెగిందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. మీ మెకానిక్ పాత కేబుల్ పారేసి కొత్తది ఎక్కించాడు కాబట్టే మూడుసార్లూ అదే కథ నడిచింది.

మీ సంగతికే వద్దాం. గేర్ ఇన్నర్ చూడ్డానికి ఒకే తీగలా ఉంటుంది గానీ సాధారణంగా 19 పోగుల మెలి. మధ్యలో ఒకటి, దాని చుట్టూ 6, బయట 12. మొత్తం మందం 1.2 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో పోగు మిల్లీమీటరులో పావువంతు కూడా ఉండదు. చివర చిన్న లోహపు గుండు పోతపోసి ఉంటుంది. లివర్ లోపల చిన్న చక్రం ఉంటుంది, ఆ గుండు దానిలో కూర్చుంటుంది. మీరు గేరు వేసిన ప్రతిసారీ ఆ చక్రం తిరిగి కేబుల్‌ని తన చుట్టూ చుట్టుకుంటుంది, వదిలినప్పుడు మళ్ళీ విప్పుతుంది. కట్టుతీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే, గుండు పక్కన ఒకటి రెండు సెంటీమీటర్ల మేర అదే చోట వేల సార్లు వంగి, విప్పుకుని, ఉక్కు అలిసిపోతుంది. ముందు బయటి పోగు ఒకటి తెగుతుంది. దాని బరువు మిగతా వాటి మీద పడుతుంది. తర్వాత రెండోది, మూడోది. ఆఖరి ఐదారు ఒకే రోజున పోతాయి.

ఎంత చిన్న చక్రం మీద తిప్పుతున్నామో అర్థం కావాలంటే లిఫ్టుల లెక్క చూడండి. లిఫ్టులో ఉక్కు తాడు తిరిగే చక్రం వ్యాసం, తాడు వ్యాసానికి కనీసం 40 రెట్లు ఉండాలని నియమం. ఆ లెక్కన 1.2 మిల్లీమీటర్ల కేబుల్‌కు 48 మిల్లీమీటర్ల చక్రం కావాలి. అరచేతిలో పట్టే లివర్‌లో, బ్రేక్ సరంజామా అంతా పోను, అంత చోటు ఉండదు. అందుకే ఇది తయారీ లోపం కాదు. చోటు తక్కువైనందుకు కేబుల్ ఆయుష్షు రూపంలో కడుతున్న ఖరీదు.

పాత సైకిళ్ళలో ఈ బాధ ఇంతగా లేకపోవడానికీ కారణముంది. ఫ్రేము మీద బిగించే పాత గేర్ లివర్లలో కేబుల్ పెద్ద వంపులో, ఎక్కువ భాగం ఔటరే లేకుండా వెళ్ళేది. ఏళ్ళ తరబడి మార్చేవాళ్ళు కాదు. 1990లో గేర్లు తయారుచేసే షిమానో కంపెనీ బ్రేకునీ గేరునీ ఒకే లివర్‌లో పెట్టి తెచ్చినప్పుడు కూడా గేర్ కేబుల్ లివర్ పక్క నుంచి బయటికి వచ్చి, బట్టలారేసే తీగలా వేలాడుతూ వెళ్ళేది. 2008లో ప్రకటించిన డ్యూరా-ఏస్ 7900 గేర్ సెట్‌తో ఆ కంపెనీ కూడా కేబుల్‌ని టేప్ కిందికి తీసుకెళ్ళింది. చూపుకి బాగుంది, గాలికి అడ్డూ తగ్గింది. కానీ కేబుల్ దారిలో వంపులు పెరిగాయి.

ఈ వంపుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది ఇదే. గుండు పక్కనున్న పోగుల మీద పడే లాగుడులో రెండు భాగాలుంటాయి. ఒకటి వెనక డిరేలర్ (చైన్‌ని ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) స్ప్రింగ్ లాగే బలం. రెండోది ఔటర్ లోపలి రాపిడి. మొదటిదాన్ని మనం మార్చలేం. రెండోది కేబుల్ మొత్తం ఎంత కోణం తిరిగిందో దాన్ని బట్టి పెరుగుతుంది. అదీ కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది. హ్యాండిల్‌బార్ మీద రెండు వంపులు, ఫ్రేములోకి దూరే చోట ఒకటి, చివర డిరేలర్ దగ్గర ఒకటి. ఔటర్ కొత్తగా, నున్నగా ఉన్నంతకాలం పర్వాలేదు. దానిలోకి దుమ్ము, చెమట ఉప్పు చేరాక అవే వంపులు కేబుల్‌ని పట్టుకుంటాయి. మీరు బలంగా నొక్కుతారు, గేరు పడుతుంది, ఆ బలమంతా గుండు పక్కనే పడుతుంది.

మూడుసార్లు ఇన్నర్ మార్చారు. ఔటర్ ఒక్కసారైనా మార్చారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు. చాలా దుకాణాల్లో మార్చరు, ఎందుకంటే బార్ టేప్ విప్పి మళ్ళీ చుట్టాలి, అది గంట పని. పరీక్ష తేలిక. డిరేలర్ దగ్గర బోల్ట్ వదులు చేసి కేబుల్ విడిపించండి. చివర రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా లాగి, వెనక్కి తోయండి. లివర్ దాకా ఎక్కడా తడబడకుండా జారాలి. ఒక చోట పట్టి, మళ్ళీ వదిలి, గరగరలాడుతుంటే ఔటర్ పని అయిపోయినట్టే. ఇంట్లో ట్రెయినర్ (సైకిల్‌ని ఉన్నచోటే తొక్కడానికి బిగించే స్టాండ్) మీద తొక్కే అలవాటుంటే తప్పకుండా చూడండి. గాలి ఆడని గదిలో చెమట ధారగా కారేది హ్యాండిల్‌బార్ మీదికే. మా దగ్గర సముద్రపు గాలి కూడా తోడవుతుంది. బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు రోజూ తొక్కే ఒకాయన సైకిల్‌కు టేప్ విప్పితే ఔటర్ చివరి క్యాపు తుప్పు పట్టి లివర్‌లోనే ఇరుక్కుపోయి ఉంది. లోపలి ఇన్నర్ మాత్రం కొత్తదే, అంతకు నెల ముందు వేసింది. ఔటర్ మార్చాక ఆయన లివర్ ఒక్క వేలితో కదిలింది.

కొత్త ఔటర్ వేసేటప్పుడు కోయడం దగ్గరే ఎక్కువ చెడిపోతుంది. గేర్ ఔటర్‌లో ఉక్కు తీగలు నిలువుగా పక్కపక్కన పేర్చి ఉంటాయి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కి కోస్తే గొట్టం నలిగి మూసుకుపోతుంది, ఒకటి రెండు తీగలు పొడుచుకొస్తాయి. అవి క్యాపులోంచి తొంగిచూస్తూ ఇన్నర్‌ని రంపంలా కోస్తాయి. కేబుల్ కట్టర్‌తోనే కోయాలి. చివరను ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని సూదిమొన ఉన్న పనిముట్టుతో తెరిచి, క్యాపు తొడిగాక ఇన్నర్ దూర్చాలి. ఔటర్ లివర్‌లోకి పూర్తిగా వెళ్ళి ఆనిందో లేదో చూశాకే టేప్ చుట్టాలి. అక్కడ రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరిగినా కేబుల్ ఏటవాలుగా అంచుకి రాసుకుంటుంది. అప్పుడు గుండు దగ్గర కాకుండా, ఔటర్ మొదలయ్యే చోట తెగుతుంది.

నూనె గురించి ఒక మాట. దుకాణాల్లో స్ప్రే డబ్బా తీసుకుని ఔటర్ లోపలికి కొట్టేస్తారు. మంచి గేర్ ఔటర్లు కొన్ని లోపల పల్చటి సిలికాన్ గ్రీజుతోనే వస్తాయి. ఆ స్ప్రే దాన్ని కడిగేస్తుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత అంతకుముందు కంటే బిగుసుకుంటుంది. చిక్కటి గ్రీజు కూడా వద్దు, దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఇక తెగబోతోందని ముందే తెలుసుకోవడం. మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన వాక్యం, "తెగే ముందు వారమంతా బ్యారెల్ అడ్జస్టర్ తిప్పుతూనే ఉన్నాను" అన్నది (కేబుల్ బిగువు సరిచేసే చిన్న మర అది). అదే హెచ్చరిక. కొత్త కేబుల్ వేసిన మొదటి కొద్ది రోజుల్లో ఔటర్ చివర్లు క్యాపుల్లో సర్దుకుంటాయి కాబట్టి కేబుల్ వదులైనట్టు అనిపిస్తుంది, ఒకసారి బిగిస్తే సరి. కానీ నెలల తరబడి బాగా పనిచేసిన గేర్లు ఉన్నట్టుండి పెద్ద పళ్ళ చక్రం మీదికి ఎక్కడానికి మొరాయిస్తుంటే, సరిచేసిన మర్నాడే మళ్ళీ మొదటికి వస్తుంటే, లోపల పోగులు తెగి కేబుల్ సాగుతోందన్నమాట. అడ్జస్టర్‌ని ఇక ముట్టుకోకండి. ఇంటికి వెళ్ళి కేబుల్ తీసి చూడండి.

చూసే పద్ధతి: సైకిల్‌ని స్టాండ్ మీద పెట్టి, పెడల్ తిప్పకుండా లివర్‌ని చిన్న పళ్ళ చక్రం వైపు క్లిక్కులు ఆగిపోయేదాకా నొక్కండి. డిరేలర్ దగ్గర కేబుల్ విడిపించి, చివరి తొడుగు తీసేయండి. లివర్ మీది హుడ్ రబ్బరు మడిస్తే మోడల్‌ను బట్టి పక్కన గానీ కింద గానీ చిన్న రంధ్రం కనిపిస్తుంది, కొన్నిటికి మీద చిన్న మూత, స్క్రూ ఉంటాయి. కేబుల్‌ని ఔటర్ వైపు నుంచి తోస్తే గుండు అందులోంచి బయటికి వస్తుంది. టార్చి వేసి గుండు పక్కన రెండు సెంటీమీటర్లు పరీక్షగా చూడండి. బాగున్న కేబుల్ మెలి మూసుకుని మెరుస్తుంటుంది. అలిసిన కేబుల్‌లో మెలి కాస్త విచ్చుకుని, అక్కడక్కడ నల్లగా, ఒక పోగు వెంట్రుకలా పైకి లేచి ఉంటుంది. వేలితో తడమకండి, గుచ్చుకుంటే ఆ ముక్క చర్మంలోనే విరుగుతుంది. కాగితం ముక్క చుట్టి లాగితే తెగిన పోగు దానికి పట్టుకుంటుంది. ఒక్క పోగు లేచినా ఆ కేబుల్ చెత్తబుట్టకే.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, తెగాక అసలు నష్టం కేబుల్‌ది కాదు, లివర్‌ది. గుండు, దానికి అంటిన పోగుల కుచ్చు లోపలే ఉండిపోతాయి. తెగిందని తెలిసిన క్షణం నుంచి ఆ లివర్ నొక్కకండి. గేరు పడలేదని పది సార్లు నొక్కే కొద్దీ పోగులు లోపలి పళ్ళ మధ్యకు లాక్కుపోతాయి. చిన్న పళ్ళ చక్రం వైపు వదిలే మీట మాత్రం క్లిక్కులు ఆగేదాకా నొక్కి, రంధ్రం ఎదురుగా గుండు వచ్చిందేమో చూసి, సన్నటి పట్టకారుతో పోగులు ఒక్కొక్కటే లాగాలి. గుండును మాత్రం రంధ్రం అవతలి వైపు నుంచి సూదితో తోయాలి. ఓపికతో చేస్తే చాలా మటుకు వస్తుంది. రాకపోతే లివర్ మార్చాల్సిందే. కేబుల్ వందల్లో పోతుంది, లివర్ వేలల్లో.

ఘాట్‌లో తెగితే ఏం చేయాలో కూడా చెప్తాను, మీరు అనంతగిరి వైపు వెళ్తారని రాశారు కాబట్టి. మాకు అరకు ఘాట్‌లో ఇది ఎదురైంది. శృంగవరపుకోట దాటి ఎక్కడం మొదలైన కాసేపటికే ఒక కుర్రాడి కేబుల్ తెగింది. తెగగానే స్ప్రింగ్ డిరేలర్‌ని చిన్న పళ్ళ చక్రం మీదికి లాగేస్తుంది, అంటే అన్నిటికంటే బరువైన గేరు. ముందు చక్రం చిన్నదానికి దించాం. తర్వాత డిరేలర్ మీద హెచ్ అని ఉన్న లిమిట్ స్క్రూని (చిన్న పళ్ళ చక్రం వైపు డిరేలర్‌కు హద్దు పెట్టేది) స్క్రూడ్రైవర్‌తో కుడివైపుకి తిప్పుతూ పోయాం. డిరేలర్ లోపలికి జరిగి చైన్ మూడో పళ్ళ చక్రం మీద కూర్చుంది. స్క్రూ పొడవును బట్టి సాధారణంగా ఒకటి రెండు మెట్లు మాత్రమే వస్తాయి. ఇంకా తేలిక గేరు కావాలంటే, కేబుల్ ఫ్రేము బయట నుంచి వెళ్ళే సైకిలైతే మిగిలిన కేబుల్‌ని చేత్తో లాగి, డిరేలర్ కావలసిన చోటికి వచ్చాక బాటిల్ కేజ్ బోల్ట్ కింద చుట్టి బిగించండి. ఒకే గేరుతో అయినా ఇల్లు చేరతారు. 200 బ్రెవే సమయం 13.5 గంటలు, ఇలా ఒకే గేరుతో ఆ లోపు ముగించినవాళ్ళు ఉన్నారు.

మీ సమస్య కాకపోయినా, ఇది చదివే మిగతా వాళ్ళకోసం వేరే చోట్ల తెగే సంగతి.

డిరేలర్ బోల్ట్ దగ్గర తెగుతుంటే బిగింపు ఎక్కువైంది, లేదా కేబుల్ వెళ్ళాల్సిన గాడిలో లేదు. అక్కడ 6 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. కేబుల్ నలిగి రేకులా చదునైతే పోగులు అప్పుడే సగం తెగినట్టు. పాత కేబుల్‌ని వేరే చోట పట్టి మళ్ళీ బిగించడం కూడా మంచిది కాదు, నలిగిన ముక్క లాగుడు పడే వైపు ఉండిపోవచ్చు.

హైబ్రిడ్, ఎంటీబీ (మౌంటెన్ బైక్) సైకిళ్ళలో బొటనవేలితో నొక్కే షిఫ్టర్ ఉండి, పెద్ద పళ్ళ చక్రం వేసినప్పుడల్లా బలం పెట్టాల్సి వస్తుంటే ఎల్ లిమిట్ స్క్రూ (పెద్ద పళ్ళ చక్రం వైపు హద్దు పెట్టేది) చూడండి. అది మరీ బిగిసి ఉంటే డిరేలర్ ఆగిపోతుంది కానీ షిఫ్టర్ ఇంకా లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడంతా కేబుల్ మీదే. పెద్ద పళ్ళ చక్రం మీద ఉన్నప్పుడు ఫ్రేము మీద కేబుల్‌ని వేలితో పక్కకి లాగితే డిరేలర్ రవ్వంతైనా కదలాలి. వీణ తీగలా బిగిసి ఉండి ఏమీ కదలకపోతే స్క్రూ కొద్దిగా వదలండి. కానీ చైన్ చువ్వల్లోకి పడనంత వరకే, పావు చుట్టు చొప్పున.

పిల్లల సైకిళ్ళలో ఇంకో రకం చూస్తుంటాను. గేర్ ఔటర్ దొరకలేదని బ్రేక్ ఔటర్ వేసేస్తారు. బ్రేక్ ఔటర్ 5 మిల్లీమీటర్లు, లోపల స్ప్రింగ్ చుట్టు. లాగినప్పుడు నొక్కుకుపోతుంది కాబట్టి గేరు ఎప్పటికీ సరిగ్గా కుదరదు, పిల్లాడు షిఫ్టర్‌తో కుస్తీ పడతాడు. దీనికి తిరగేసింది మాత్రం ఎప్పుడూ చేయకండి: 4 మిల్లీమీటర్ల గేర్ ఔటర్‌ని బ్రేక్‌కు వేయకూడదు. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు నిలువు తీగలు విచ్చుకుని ఔటర్ పగిలిపోతుంది, బ్రేక్ ఉండదు.

కోటింగ్ కేబుల్ గురించి అడిగారు కదా. కొత్తలో చాలా మెత్తగా నడుస్తుంది, కాదనను. కానీ లివర్‌లోని చక్రం మీద ఆ పూత ఒలిచిపోయి దూదిలా నలిగి ఔటర్ మూతి దగ్గర పేరుకుంటుంది. తరచూ మార్చాల్సిన భాగానికి అంత డబ్బు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పాలిష్ చేసిన మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ ఇన్నర్ నాలుగు ఒకేసారి కొని పెట్టుకోండి. గాల్వనైజ్డ్ ఇన్నర్ ఇంకా చవక గానీ చెమటకి తొందరగా తుప్పు పడుతుంది. ఒకటి ఎప్పుడూ సీటు కింద సంచిలో ఉండాలి, డిరేలర్ బోల్ట్‌కు సరిపోయే అలెన్ కీ, చిన్న స్క్రూడ్రైవర్‌తో సహా. వేసేటప్పుడు గుండు తన చోట పూర్తిగా కూర్చుందో లేదో ఒకసారి గట్టిగా లాగి చూడండి. సగం కూర్చుంటే మెడ దగ్గర మడత పడి కొత్తదైనా త్వరగా పోతుంది.

ఎడమ లివర్ కేబుల్ మూడు నాలుగు రెట్లు ఎక్కువ కాలం వస్తుంది, ముందు గేర్లు మనం అంతగా మార్చం కాబట్టి. రెండూ ఒకేసారి మార్చాల్సిన పనిలేదు.

చివరగా ఎలక్ట్రానిక్. దానిలో తెగడానికి కేబులే లేదు, నిజమే. కానీ లివర్లు, రెండు డిరేలర్లు, బ్యాటరీ అన్నీ మార్చాలి. ఆ డబ్బుతో మీరు తొక్కినంత కాలం ఇన్నర్లు, ఔటర్లు కొనుక్కోవచ్చు. వేరే కారణాలకు కావాలనిపిస్తే తీసుకోండి, కేబుల్ తెగుతోందని మాత్రం వద్దు. ఈ ఆదివారం టేప్ విప్పి ఔటర్ చూడండి. మూడో కేబుల్ ముక్క ఇంకా పారేయకపోతే గుండు వైపు చివర దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. పోగులన్నీ ఒకే వరసలో తెగాయా, ఎగుడుదిగుడుగా తెగాయా అన్నది చూస్తే మిగతాది చెప్తాను.